ఉప్పుచేప కట్టిన ఊళ్ళో ఒక మధ్యాహ్నం

"ఈ వారం ఏదైనా తిండి గురించి చెప్పండి, చరిత్ర చరిత్ర అంటూ ప్రతిసారీ రాజుల దగ్గరకు వెళ్ళిపోతున్నారు" అని మన రేడియో మిత్రులు కాస్త గట్టిగానే అన్నారు. తిండి గురించి చెప్పమంటే కాదనే తెలుగువాడెవరు? సరే అన్నాను. తీరా కాగితం ముందు పెట్టుకు కూర్చున్నాక తెలిసింది, నేను తిన్న చేప కంటే దాన్ని తిన్న ఇంటి కథే పెద్దదని. అంచేత ఈవేళ పావు వంతు తిండి, ముప్పావు వంతు చరిత్ర. రాజులు మాత్రం పెద్దగా రారు లెండి.

పోయిన ఈస్టర్ సెలవుల్లో హాంబుర్గ్‌లో ఉన్న స్నేహితుడింటికి వెళ్ళాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మాతో ఆరు నెలలు ఉండి వెళదామని ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకు ఇంగ్లండు వీసా ఉన్నా జర్మనీకి మళ్ళీ వేరే వీసా తీయాలి కదా, ఆ గొడవంతా మీకూ అనుభవమే కాబట్టి వదిలేస్తున్నాను. ఒకరోజు మా స్నేహితుడు, "మీ అమ్మగారు చేపలు బాగా తింటారు కదా, ల్యూబెక్ తీసుకెళ్ళు. అక్కడ ఓడ నాయకుల సంఘం ఇల్లని ఒకటుంది, ఇప్పుడది హోటలు" అన్నాడు. హాంబుర్గ్ నుంచి రైల్లో ముప్పావు గంట ప్రయాణం.

ల్యూబెక్ పాత ఊరు చుట్టూ నీళ్ళే. ట్రావే నది, దాని పాయలు, కాలువలు కలిసి ఊరిని లంకను చేశాయి. మాది కోనసీమ. లంక అనేసరికి అమ్మ ముఖం కొంచెం విచ్చుకుంది. స్టేషన్ నుంచి నడిస్తే మొదట హోల్‌స్టెన్ ద్వారం వస్తుంది. 15వ శతాబ్దంలో కట్టిన జంట బురుజులు, ఎర్ర ఇటుక. మెత్తటి నేలలోకి కుంగి రెండూ ఒరిగిపోయాయి. పాత జర్మన్ 50 మార్కుల నోటు మీద ఈ బొమ్మే ఉండేది. దాని పక్కనే నది ఒడ్డున కోసు కప్పుల ఇటుక గోదాములు ఆరు వరసగా ఉంటాయి. వచ్చినవాళ్ళంతా బురుజులను ఫొటో తీసుకుని గోదాములను దాటి వెళ్ళిపోతుంటారు. నన్నడిగితే ఊరి చరిత్రంతా ఆ గోదాముల్లోనే ఉంది. అవి ఉప్పు గోదాములు.

ఉప్పుకు ఇంత హంగామా ఎందుకు? మన నౌపడలోనో చినగంజాంలోనో అయితే సముద్రపు నీళ్ళు మళ్ళలోకి పెట్టి ఎండకు వదిలేస్తే ఉప్పు పేరుతుంది. బాల్టిక్ సముద్రం దగ్గర ఆ ఆట సాగదు. ఆ సముద్రంలో ఉప్పదనమే తక్కువ, ఇక ఎండ సంగతి ఈ దేశాల్లో ఉంటున్న మీకు నేను చెప్పాలా? ఉప్పంతా దక్షిణంగా ఉన్న లూనెబుర్గ్ నుంచి రావాలి. అక్కడ భూమిలోంచే చిక్కటి ఉప్పు నీరు ఊరుతుంది. దాన్ని సీసపు పళ్ళాల్లో పోసి, కట్టెలు మండించి, మరగబెట్టి ఉప్పు తీసేవారు. మొదట్లో బళ్ళ మీద తెచ్చేవారు. 1391లో మొదలుపెట్టి 1398 నాటికి ఒక కాలువ తవ్వేశారు. స్టెక్‌నిట్స్ కాలువ అంటారు. రెండు నదుల మధ్య ఉన్న మెరకను ఎక్కించి దింపుతూ పడవలను నడిపించిన కాలువల్లో యూరప్‌లో మొట్టమొదటివాటిలో అదొకటి. పడవ చేరడానికి వారాలు పట్టినా, ఒక్కో పడవ మోసే ఉప్పు ఎన్ని బళ్ళ పెట్టు!

ఆ ఉప్పు ల్యూబెక్‌లో ఆగేది కాదు. అక్కడి నుంచి ఓడలెక్కి ఉత్తరంగా ఇప్పటి స్వీడన్ దక్షిణ కొసకు, స్కానోర్, ఫాల్‌స్టర్‌బో అనే ఇసుక తిన్నెల మీదికి పోయేది. అప్పుడది డెన్మార్క్ రాజుది. ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ జలసంధిలోకి హెర్రింగ్ చేపలు దండుగా వచ్చేవి. ఆ రెండు మూడు నెలలు ఆ ఇసుక మీద పెద్ద ఊరే వెలిసేది. పట్టేవాళ్ళు, పొట్ట చీల్చేవాళ్ళు, పీపాలు చేసేవాళ్ళు, లెక్క రాసేవాళ్ళు, తాగి పడిపోయేవాళ్ళు. చేపలు పోగానే ఊరూ పోయేది.

హెర్రింగ్ నూనె చేప. పట్టిన రోజే ఉప్పు తగలకపోతే పాడవుతుంది. కొప్పు దగ్గర చిన్న గాటు పెట్టి పేగు లాగేసి, ఒక వరస చేప, ఒక వరస ఉప్పు చొప్పున పీపాలో పేర్చాలి. నాలుగైదు పీపాల చేపకు ఒక పీపా ఉప్పు. అలా పేరిస్తే నెలల తరబడి నిలుస్తుంది. మరి అంత చేప తినేదెవరు? ఆనాటి క్రైస్తవ యూరప్ అంతా. శుక్రవారాలూ, ఈస్టర్ ముందు 40 రోజులూ, ఇంకా ఎన్నో ఉపవాసాలూ కలిపితే ఏడాదిలో ఇంచుమించు మూడో వంతు రోజులు మాంసం ముట్టకూడదు. చేప తినొచ్చు. సముద్రం మొహం చూడని పల్లెల్లో కూడా ఆ రోజుల్లో పళ్ళెంలోకి వచ్చేది ఉప్పు హెర్రింగే. ఉప్పు ల్యూబెక్ చేతిలో, చేపల సంత ల్యూబెక్ చేతిలో. ఇంకేం కావాలి? హాన్సా అనే వర్తక నగరాల కూటమికి ఆ ఊరు పెద్దన్న అయ్యింది. డెన్మార్క్ రాజు అడ్డొస్తే ఆ కూటమి యుద్ధం చేసి గెలిచింది కూడా. 1370లో స్ట్రాల్‌సుండ్ సంధి ప్రకారం ఆ చేపల తీరంలోని కోటలను పదిహేనేళ్ళపాటు వర్తకులే అట్టేపెట్టుకుని, అక్కడి రాబడిలో మూడింట రెండు వంతులు తీసుకున్నారు. చేప కోసం ఒక రాజు మెడలు వంచారన్నమాట. (రాజులు రారన్నాను, ఒకాయన వచ్చేశాడు. క్షమించాలి.)

లండన్‌లో ఉన్న శ్రోతలకు ఒక మాట. మీరు రోజూ ఎక్కి దిగే కానన్ స్ట్రీట్ స్టేషన్ ఉన్న చోటే ఈ హాన్సా వర్తకుల కోట లాంటి లోగిలి ఉండేది. స్టీల్‌యార్డ్ అనేవారు. 1598లో ఎలిజబెత్ రాణి వాళ్ళను ఖాళీ చేయించింది. పరాయి దేశంలో సొంత లోగిలి కట్టుకుని, సొంత భాష మాట్లాడుకుంటూ, సొంత తిండి తింటూ బతికిన వర్తకులు వాళ్ళు. ఎవరినో గుర్తు చేస్తున్నారా?

అసలు భోజనం దగ్గరకు వస్తాను. ఊరి ఉత్తరపు కొసన, యాకోబి చర్చికి ఎదురుగా, మెట్లు మెట్లుగా పైకి లేచిన ఇటుక ముఖంతో ఉంటుంది ఆ ఇల్లు. జర్మన్ పేరు షిఫర్‌గెజెల్‌షాఫ్ట్. షిఫర్ అంటే ఓడ నాయకుడు, గెజెల్‌షాఫ్ట్ అంటే సంఘం. లోపల ఒకటే పెద్ద హాలు, చీకటిగా. కళ్ళు అలవాటు పడేదాకా ఏమీ కనపడలేదు. పడ్డాక చూస్తే పైనుంచి ఓడలు వేలాడుతున్నాయి. తెరచాపలు, తాళ్ళు, ఫిరంగి కన్నాలు అన్నీ ఉన్న నమూనా ఓడలు. కింద పొడవాటి ఓకు బల్లలు. ఎత్తైన వీపులున్న బెంచీలు, వాటి చివరి చెక్కల మీద చెక్కిన గుర్తులు. మావాడికి తొమ్మిదేళ్ళు. వాడు తల పైకెత్తి నోరు తెరిచి నిలబడిపోయాడు. మా అమ్మ మాత్రం ఓడల వంక ఒకసారి చూసి, "ఈ ఓడలెవరివిరా? వచ్చినవాళ్ళవా, రానివాళ్ళవా?" అంది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు వేయించిన షోల్లె తెప్పించుకున్నారు. పలచగా, ఒకే పక్కన రెండు కళ్ళుండే చేప అది. మన నాలుక చేపకు చుట్టం లాంటిది. మీద వేయించిన పంది మాంసం ముక్కలు చల్లి ఇస్తారు. వద్దంటే మానేశారు. మా ఆవిడ సూపూ, రొట్టే. నేనూ అమ్మా ఉప్పు హెర్రింగ్, వాళ్ళు మట్యెస్ అంటారు, అది చెప్పాం. గుడ్లు పట్టకముందు దొరికిన లేత హెర్రింగ్‌ను తక్కువ ఉప్పులో ఊరబెడతారు. ఒక్క పొట్ట భాగం మాత్రం కొంచెం ఉంచి మిగతాది తీసేస్తారు, అందులోని రసమే చేపను మెత్తగా పండిస్తుంది. పొయ్యి ఎక్కదు. తెల్లటి పుల్ల మీగడలో ఉల్లిపాయా ఆపిలు ముక్కలూ కలిపి దాని మీద పోసి, పక్కన పొట్టు తీసి ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టారు.

"పచ్చిదేనా?" అంది అమ్మ. పచ్చిదే అన్నాను. వెనక్కి నెట్టేస్తుందనుకున్నాను. కాసేపు చూసింది. తోక పట్టుకుని ముక్క తిప్పి వెండి చర్మం చూసింది. వాసన చూసింది. కొసన చిన్న ముక్క నోట్లో వేసుకుంది. "ఒరేయ్, ఇది మన ఇలస చేప తీరురా" అంది.

నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక పుస్తకాలు చూస్తే నవ్వాల్సింది నన్ను చూసి అని తెలిసింది. చేపల శాస్త్రంలో హెర్రింగూ, మన నూనె కవళ్ళూ, సముద్రంలో ఇలస అనిపించుకుని వరద నీటికి ఎదురీది గోదావరి ఎక్కాక పులస అనిపించుకునే మన రాణీగారూ, అన్నీ ఒకే క్రమంలోకి వస్తాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనవాళ్ళు అన్నారు. హెర్రింగ్ కోసం ఇక్కడివాళ్ళు కోటలే పట్టారు. అదే నూనె, అదే వెండి పొలుసు. మనం ముళ్ళతో సహా వండుతాం, వీళ్ళు ముళ్ళు తీసి పెడతారు. అంతే తేడా.

బంగాళాదుంపల గురించి ఒక పిట్టకథ. ఈ హాలు కట్టిన రోజుల్లో ఇక్కడ కూర్చున్న ఓడ నాయకుడికి బంగాళాదుంప అంటే ఏమిటో తెలియదు. అది అమెరికా నుంచి వచ్చి ఉత్తర జర్మనీ పళ్ళెంలో కుదురుకునేసరికి 18వ శతాబ్దం అయ్యింది. అప్పట్లో చేప పక్కన రొట్టె, గంజి, బీరు, అంతే. ఇప్పుడు దుంప లేని హెర్రింగ్ "సంప్రదాయం" కాదంటారు. మిరపకాయ లేని చేపల పులుసు పులుసే కాదని మనం అన్నట్టే. మన మిరపకాయా ఆ ఓడల్లో వచ్చిందే కదా.

మాకు చోటు దొరికిన బెంచీ చివర చెక్కిన గుర్తు చూపించి, ఇది బెర్గెన్ వాళ్ళదని వడ్డించే ఆయన చెప్పాడు. ఈ హాల్లో ఎవరెక్కడ కూర్చోవాలన్నది వాళ్ళు ఏ దారిన ఓడ నడుపుతారన్న దాన్ని బట్టి ఉండేది. బెర్గెన్ దారి వాళ్ళదొక వరస, రీగా వాళ్ళదొకటి, రెవాల్ వాళ్ళదొకటి. రెవాల్ అంటే ఇప్పటి టాలిన్. నార్వేలోని బెర్గెన్‌కు ధాన్యం తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఎండు కాడ్ చేప తెచ్చేవారు. ఆ కాడ్‌కు ఉప్పు కూడా అక్కర్లేదు. తోకలు జతగా కట్టి కర్రల మీద వేలాడదీస్తే ఉత్తరపు చలిగాలే ఎండగొట్టేస్తుంది. కర్రముక్కలా అవుతుంది, ఏళ్ళపాటు నిలుస్తుంది. వండే ముందు సుత్తితో కొట్టి నానబెట్టాలి. అమ్మకు ఇది చెబితే, "మనం రోట్లో వేసి దంచమూ?" అంది.

ఈ సంఘం పుట్టింది మాత్రం వ్యాపారానికి కాదు. 1401లో, క్రిస్మస్ మర్నాడు, నావికుల్ని కాచే నికొలాస్ స్వామి పేరున ఒక సోదర సంఘం పెట్టుకున్నారు. ఓడల మీద నిజాయితీగా పొట్టపోసుకునేవాళ్ళకు, బతికున్నా చచ్చిపోయినా సాయంగా ఉండడం దాని పని. చచ్చిపోయినవాళ్ళకు సాయమంటే ప్రార్థనలు చేయించడం. సముద్రంలో పోయినవాడికి సమాధి ఉండదు కనుక చర్చిలో దీపమైనా వెలగాలి కదా. బతికున్నవాళ్ళకు సాయమంటే జబ్బుపడిన నావికులకు, వెనక మిగిలినవాళ్ళకు డబ్బు. ఆ సంఘం 1535లో ఈ ఇల్లు కట్టుకుంది. సముద్రం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ తిని, తాగి, ఎవరి ఓడ కనిపించింది, ఎవరిది కనిపించలేదు అని చెప్పుకునేవారు. అమ్మ అడిగిన ప్రశ్న ఈ హాల్లో రోజూ అడిగిన ప్రశ్నే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, కాకినాడ దిగువన సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉంటుంది. బాబాయి మరబోటు మీద సరంగు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గోదావరి ముఖం మీదికి వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కొబ్బరి చెట్లు తలలు తెగి నిలబడ్డ ఫొటోలు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. రొయ్యల వేటకని అప్పటికే సముద్రం మీదికి పోయిన బోట్లు ఎన్నో ఉన్నాయి. బాబాయి బోటు వాటిలో ఒకటి. బోటు దొరకలేదు, ఆయనా దొరకలేదు, కళాసీలూ దొరకలేదు. పిన్నికి అప్పుడు 31 ఏళ్ళు. మనిషి పోయాడని కాగితం కావాలంటే శవం చూపించమన్నారు. శవం లేకపోతే ఏడేళ్ళు ఆగాలన్నారు. ఫైలు పట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు రెండేళ్ళు తిరిగింది. ఆఖరికి కాగితం వచ్చింది, కొంత డబ్బూ వచ్చింది. ఈలోపు బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియక ఆ రెండేళ్ళూ గుమ్మం దాటి పేరంటానికి వెళ్ళలేదు. ఇదంతా మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. ఆ హాల్లో, ఆ ఓడల కింద కూర్చుని, సంఘం సంగతి నేను చదివి వినిపిస్తుంటే అమ్మ చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. "ఆరు వందల ఏళ్ళ కిందటేనా?" అంది. 1401 అమ్మా అన్నాను. ఇంకేమీ అనలేదు.

ఈ ఇంటి గురించి నాకు బాగా ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. ఇది ల్యూబెక్ వైభవానికి గుర్తని గైడ్లు చెబుతారు. తారీఖులు చూడండి. 1535 అంటే ఆ వైభవం విరిగిన ఏడు. వుల్లెన్‌వేవర్ అని ఒక మేయరు, పాత రోజులు తిరిగి తెస్తానని డెన్మార్క్ వారసత్వపు తగాదాలో తలదూర్చి యుద్ధానికి దిగాడు. ఓడిపోయి 1535లో పదవి వదిలాడు. 1537లో తల పోయింది. అప్పటికే డచ్చివాళ్ళు ఉత్తర సముద్రంలో పెద్ద ఓడలు దింపి, పట్టిన హెర్రింగ్‌ను ఓడ మీదే ఉప్పుపట్టి పీపాలకెక్కిస్తున్నారు. చేపలు అలిగి బాల్టిక్ వదిలి వెళ్ళిపోయాయి కాబట్టి హాన్సా పడిపోయిందని పాత పుస్తకాల్లో రాశారు. అంత తేలికైన కథ కాదది. 16వ శతాబ్దంలో కూడా ఆ జలసంధిలో హెర్రింగ్ బాగానే పడింది. ఇంకొకడు అదే పని చవగ్గా, ఎక్కువగా చేయడం నేర్చుకున్నాడు, అదీ సంగతి. దానికితోడు జర్మనీలో లూథర్ మతం వచ్చి ఉపవాసాలు తగ్గాయి. తప్పు చేప మీద తోసేయడం సులువు, అది మాట్లాడదు.

హాన్సా ఆఖరి సభ 1669లో ఈ ఊళ్ళోనే జరిగింది. చాలా నగరాలు మనుషుల్నే పంపలేదు. ఓడ నాయకుల సంఘం మాత్రం ఇంకో రెండు వందల ఏళ్ళు నెట్టుకొచ్చింది. 1866లో వృత్తి సంఘాల హక్కులు రద్దయ్యాయి. ఎవరైనా ఏ పనైనా చేసుకోవచ్చు అన్నాక సంఘానికి అధికారమేముంటుంది? 1868లో హాలును భోజనశాలగా అద్దెకిచ్చారు. ఇల్లు ఇప్పటికీ సంఘానిదే. అధికారం పోయినా అద్దె మిగిలింది. ఆ హోటలే లేకపోతే ఆ బెంచీలు ఎప్పుడో ఏ మ్యూజియం గాజు పెట్టెలోకో, ఏ కట్టెల పొయ్యిలోకో వెళ్ళిపోయేవని నా అనుమానం. మనుషులు ఇంకా వాటి మీద కూర్చుని మీగడ ఒలకబోసుకుంటున్నారు. ఆ పుణ్యంలో మావాడికీ కొంత వాటా ఉంది.

అన్నట్టు, మేము తిన్న హెర్రింగ్ ఆ ఊరి ముందున్న సముద్రంలోది అయ్యుండదు. పశ్చిమ బాల్టిక్‌లో హెర్రింగ్ బాగా తగ్గిపోయింది. 2022 నుంచి అక్కడ దాని కోసం ప్రత్యేకంగా వేటకు వెళ్ళడాన్ని చిన్న పడవలకు తప్ప ఆపేశారు. ఇప్పుడు జర్మనీలో తినే హెర్రింగ్‌లో ఎక్కువ భాగం నార్వే వైపు నుంచీ ఉత్తర సముద్రం నుంచీ వచ్చేదే. మన పులసదీ అదే దారి. ధవళేశ్వరం దాకా ఈదుకొచ్చేవి ఏటికేడాది తగ్గుతున్నాయి, ధర మాత్రం ఎదురీదుతోంది.

భోజనం అయ్యాక ఎదురుగా ఉన్న యాకోబి చర్చిలోకి వెళ్ళాం. ఇది నావికుల చర్చి. 1942 మార్చి 28 రాత్రి మనం ఇప్పుడు ఉంటున్న ఈ దేశపు విమానాలే ల్యూబెక్ మీద బాంబులు వేశాయి. పాత ఊళ్ళో ఐదో వంతు కాలిపోయింది, మూడు వందలమందికి పైగా చనిపోయారు. ఆ పెద్ద చర్చిల్లో దెబ్బ తగలకుండా మిగిలినవాటిలో యాకోబి ఒకటి. ఎదురుగా ఉన్న మా భోజనం ఇల్లు కూడా అలాగే బతికింది. లోపల ఒక పక్క గదిలో విరిగిన పడవ ఒకటి ఉంది. పామీర్ అనే తెరచాప ఓడ ప్రాణరక్షణ పడవ అది. కుర్రాళ్ళకు ఓడ పని నేర్పుతూ సరుకూ మోసే నాలుగు కొయ్యల ఓడ పామీర్. బ్యూనస్ అయిర్స్ నుంచి బార్లీ ఎత్తుకుని హాంబుర్గ్‌కు వస్తూ 1957 సెప్టెంబరు 21న అజోర్స్ దీవుల దగ్గర తుఫానులో పడింది. బస్తాల్లో కాకుండా ఎక్కువ భాగం గుట్టగా పోసిన బార్లీ ఒక పక్కకు జారి ఓడ ఒరిగిపోయింది. ఓడలో 86 మంది. అందులో 51 మంది శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు. ఆరుగురు బతికారు.

పడవ చెక్కలు పగిలిపోయి ఉన్నాయి. దాని ముందు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అమ్మ చాలాసేపు నిలబడింది. పిల్లలు విసుక్కుంటే మా ఆవిడ బయటికి తీసుకెళ్ళింది.

"వీళ్ళకి పడవైనా దొరికింది" అంది అమ్మ.

నేను కొవ్వొత్తి కొని ఇచ్చాను. వెలిగించి పెట్టింది. చెప్పులు బయట విడవలేదని తర్వాత బాధపడింది.

అక్కడి నుంచి కొంచెం నడిస్తే ఫ్యూష్టింగ్స్‌హోఫ్ అనే లోగిలి ఉంది. వీధి వైపు రాతి గుమ్మం, లోపల పూల మొక్కల చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు. యోహాన్ ఫ్యూష్టింగ్ అనే వర్తకుడు రాసిపోయిన ఆస్తితో 1639లో కట్టారు. భర్తలు పోయిన ఆడవాళ్ళకు ఉండడానికి ఇల్లు. ఇలాంటి ధర్మ లోగిళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. కిటికీ అంచుల మీద పూలకుండీలు, తుడిచిన మెట్లు. పైకప్పు కింద ఒక తలుపు, దానికొక తాళంచెవి, పైన అడిగేవాడు లేడు. అమ్మ అరుగు లాంటి చోట కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ ఇదంతా విన్నది. విని, "ఎవరి పెళ్ళాలకిరా ఈ ఇళ్ళు?" అని అడిగింది.

వర్తకుల వితంతువులకు, ఓడ నాయకుల వితంతువులకు అని చెప్పాను.

"మరి కళాసీల పెళ్ళాలకో?"

నేను ఇంకోసారి కాగితం చూశాను. వర్తకులు, ఓడ నాయకులు, అంతే రాసి ఉంది. తెరచాప కట్టేవాడు, పీపా దొర్లించేవాడు, పొట్ట చీల్చినవాడు, వాళ్ళ ఆడవాళ్ళు ఆ గుమ్మం బయటే. మా బాబాయి సరంగు కాబట్టి లెక్క ప్రకారం పిన్నికి ఇక్కడ ఇల్లు దొరికేది. బాబాయి బోటు మీద పోయిన కళాసీలవి మూడు కుటుంబాలు. వాళ్ళలో ఒకావిడ పిన్ని పక్కింట్లోనే ఉంటుంది. కాగితం కోసం ఇద్దరూ కలిసే తిరిగారు. పిన్నికి వచ్చిన ఆర్నెల్లకు గానీ ఆవిడకు రాలేదు. ఈ ముక్క నాకు ఆ లోగిట్లోనే మొదటిసారి తెలిసింది. అమ్మ అంతకు ముందెప్పుడూ చెప్పలేదు.

రాత్రి హాంబుర్గ్ తిరిగొచ్చాక అమ్మ పిన్నికి ఫోన్ చేసింది. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తింది. ఓడల సంగతీ, చర్చిలో పడవ సంగతీ చెబుతుందనుకుని నేను పక్క గదిలోకి వెళ్ళాను. అమ్మ అవేమీ చెప్పలేదు. చేప గురించే చెప్పింది. పచ్చిదే పెట్టారనీ, ఇలస తీరుగా ఉందనీ, పెరుగు లాంటిదేదో పోశారనీ. అవతల పిన్ని గొంతు గట్టిగా, నాకు వినపడేటంత గట్టిగా ఉంది.

"ఉప్పు సరిగ్గా పట్టించారా అక్కా? ముల్లు తీసేశారా? ముల్లు తీసేస్తే ఇంకేం రుచే?"